మచ్చల కలబంద: ఆకు చూసి పేరు చెప్పాలా, పువ్వు చూసి చెప్పాలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ వైపు మన ఇళ్ల కుండీల్లో తెల్ల మచ్చల కలబందలు ఉంటాయి. ఫోటో తీసి యాప్‌లో పెడితే ఒకసారి ఆలో మాక్యులాటా అంటుంది, ఇంకో కోణంలో తీస్తే ఆలో జెబ్రినా అంటుంది. ఆలో అంటే కలబందల శాస్త్రీయ పేరు. ఆ రెండు జాతులూ ఆఫ్రికావి. మన గజపతి జిల్లా కొండల్లో సహజంగా పెరిగే మచ్చల ఆలో ఏదీ లేదు. కాబట్టి ఇక్కడ పేరు తేల్చడం అక్కడికన్నా కష్టం.

ముందు ఒక మాట. మచ్చ కనిపించిందల్లా ఈ మచ్చల ఆలోల గుంపు మొక్క కాదు. మామూలు కలబంద పిలకలకు కూడా లేతగా ఉన్నప్పుడు తెల్ల మచ్చలుంటాయి, ముదిరాక చాలావరకు పోతాయి. గట్ల మీది చాగకు ఆకు మీద అడ్డచారలుంటాయి గానీ అంచున ముళ్లుండవు.

ఆకు చూసి గుర్తించడంలో ఉన్న సుఖం, ఏడాది పొడవునా అది అందుబాటులో ఉండటమే. కొన్ని గుర్తులు నిజంగా పనికొస్తాయి కూడా. ఈ గుంపులోనే ఇంకో ఆఫ్రికా జాతి డేవియానాకు ఆకు పైవైపే మచ్చలుంటాయి, అడుగు వైపు సాధారణంగా ఉండవు. అందుకే ఆకు రెండు వైపులా ఫోటో తీయాలి. అయితే అదే మొక్క ఎర్రటి ఎండలో పొట్టిగా, గోధుమ రంగుకు తిరుగుతుంది. నీడలో, మన వానల్లో ఆకులు సాగి పచ్చబడతాయి, మచ్చలు మసకబారతాయి. ఆకు రంగును నమ్మి జాతి పేరు రాయడం నాకు అస్సలు నచ్చదు.

నా ఓటు పువ్వుకే. ఈ గుంపులో ఎక్కువ జాతులకు పువ్వు గొట్టం అడుగున, అండాశయం చుట్టూ, గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. దానిపైన నొక్కినట్టు సన్నబడి మళ్లీ వెడల్పవుతుంది. మామూలు కలబంద పసుపు పువ్వుకు ఆ ఉబ్బు ఉండదు. ఒక పువ్వును బ్లేడుతో నిలువుగా కోసి చూస్తే చాలు. ఆ తర్వాత గుత్తి ఆకారం చూడాలి. మాక్యులాటాది పైన బల్లపరుపుగా, గొడుగు విప్పినట్టు ఉంటుంది. జెబ్రినాది పొడుగ్గా సాగి, పూలు ఎడంగా ఉంటాయి. డేవియానాది కొసదేలి శంకువులా ఉంటుంది. గ్రాండిడెంటాటా అనే మరో ఆలోకు మచ్చలున్నా పువ్వు అడుగున అంత ఉబ్బు ఉండదు, కొస వైపు కాస్త లావుగా ఉంటుంది. ఆకు ఒక్కటే చూస్తే ఈ తేడా ఎలా తెలుస్తుంది? పువ్వు రంగుకు మాత్రం ఎక్కువ విలువ ఇవ్వొద్దు. మాక్యులాటాలోనే ఎరుపు, నారింజ, పసుపు మూడూ ఉన్నాయి.

మూడో దారి, మొక్క పెరిగిన చోటు. ఆఫ్రికాలో అడవిలో వెతికేవారికి ఇది బలమైన ఆధారం. ఏ కొండ మీద, ఏ నెలలో పూసిందో తెలిస్తే సగం జాతులు పక్కకు పోతాయి. డేవియానా దక్షిణాఫ్రికాలో, అక్కడి చలికాలంలో, జూన్, జులైలలో పూస్తుంది. ఆ పూల కోసం తేనెటీగల పెంపకందారులు పెట్టెలను అక్కడికి తరలిస్తారు. మనకు ఆ నెలల్లో వానాకాలం. భూగోళానికి అటువైపు రాసిన పూత నెలలను ఇక్కడి మొక్కకు అంటగడితే తప్పే.

నర్సరీ మొక్కతో ఇంకో టెన్షన్ సంకరం. ఈ జాతులు ఒకదానితో ఒకటి సులువుగా కలుస్తాయి, కాబట్టి రకరకాల ఆలోలున్న తోటలో గింజ నుంచి వచ్చిన మొక్కకు ఒక్క జాతి పేరు సరిపోకపోవచ్చు. పండితుల్లోనూ ఏకాభిప్రాయం లేదు. డేవియానాను కొందరు విడి జాతిగా, కొందరు గ్రేట్‌హెడియై అనే మరో ఆలో జాతిలో ఒక రకంగా చూస్తారు.

అందుకని పూసినప్పుడు గుత్తిని పక్క నుంచి, ఒక పువ్వును స్కేలు పెట్టి దగ్గర నుంచి, ఆకు రెండు వైపులా, అంచు ముళ్లు, పక్కన పిలకలు వస్తున్నాయా లేదా అన్నీ ఫోటో తీసి ఉంచండి. పూయకపోతే చీటీ మీద 'మచ్చల ఆలో' అని మాత్రమే రాసి, పూసేదాకా ఆగండి.