మూడు మెరైన్ శిక్షణ కేంద్రాలు చూసొచ్చాం

మా మేనల్లుడు ఓడ ఉద్యోగం మీద మనసు పెట్టుకున్నాడు. ఓడ నడిపే డెక్ వైపు వెళ్లాలా, యంత్రాలు చూసుకునే ఇంజిన్ వైపు వెళ్లాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ప్రకటనలు చూసి చేర్చడం నాకు ఇష్టం లేదు. అందుకే ఆరు రోజులు సెలవు పెట్టి, వాడితో కలిసి మూడు శిక్షణ కేంద్రాలు తిరిగొచ్చాను. రెండు చోట్ల వాళ్ల హాస్టల్‌లోనే పడుకున్నాం.

మొదటిది కొత్త భవనం. నేరుగా బ్రిడ్జ్ సిమ్యులేటర్ గదికి, అంటే ఓడని నడిపే గదికి నకలుగా కట్టిన చోటికి తీసుకెళ్లారు. చుట్టూ పెద్ద తెరలు, వాటి మీద రాత్రి సముద్రం, వర్షం, ఎదురుగా వచ్చే ఓడ దీపాలు. నేల కదలకపోయినా కాలు తడబడింది. పొగమంచులో ఓడని ఢీకొట్టేంత తప్పు ఇక్కడ చేసినా ఎవరికీ ఏమీ కాదు, మళ్లీ మొదటి నుంచి చేయొచ్చు. అది చాలా గొప్ప సౌకర్యం, నిజంగానే మెచ్చుకున్నాను. కానీ అరగంట వెనకాల నిలబడి చూస్తే చుక్కాని దగ్గర ఒక్కడు, రాడార్ దగ్గర ఇంకొకడు ఉన్నారు. మిగతా పద్నాలుగు మంది గోడకు ఆనుకుని చూస్తున్నారు. ఒక్కొక్కరికి ఎన్ని గంటలు చేతికి వస్తుందని అడిగితే సూటిగా చెప్పలేదు. లైఫ్‌బోట్ చూపించమంటే అది వేరే చోట ఉందన్నారు. గదులు మాత్రం శుభ్రంగా, గాలీ వెలుతురూ బాగా వచ్చేలా ఉన్నాయి.

రెండోది రేవు పక్కన పాత షెడ్లలో ఉంది. గేటు దగ్గర పలకరించేవాళ్లు కూడా లేరు. బంకు మంచాలు, గదికి ఆరుగురు, ఫ్యాన్ చప్పుడుకి నాకు సరిగా నిద్రపట్టలేదు. అయినా మూడింటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

తెల్లవారగానే ఈత కొలను దగ్గర క్లాసు. గాలి నింపిన తెప్పలాంటి లైఫ్‌రాఫ్ట్‌ని కావాలనే తలకిందులుగా నీళ్లలో పడేశారు. లైఫ్‌జాకెట్ వేసుకుని ఈదుకుంటూ వెళ్లి, గ్యాస్ సిలిండర్ ఉన్న వైపు రాఫ్ట్ మీదికి ఎక్కి, అడుగున ఉన్న పట్టీ పట్టుకుని, ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగాలి. తిరగబడిన రాఫ్ట్ మనిషి మీదే పడుతుంది. కంగారుపడకుండా వెల్లకిలా తేలుతూ దాని కింద నుంచి బయటికి రావాలి. ఒక సన్నటి కుర్రాడికి రెండుసార్లు చేతకాలేదు. ఇన్‌స్ట్రక్టర్ తొందరపెట్టలేదు. "గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకో బాబూ, దాన్నే సాయం తీసుకో" అన్నారు. మూడోసారి రాఫ్ట్ లేచింది. ఆ బ్యాచ్‌లో ప్రతి ఒక్కరూ చేసేదాకా క్లాసు ఆపలేదు. 1912లో టైటానిక్ మునిగినప్పుడు చాలా పడవలు సగం ఖాళీగానే దిగాయి. పరికరం ఉండటం వేరు, దాన్ని వాడే చేయి ఉండటం వేరని ఆ కొలను దగ్గర కళ్లారా చూశాను.

మధ్యాహ్నం మంటలార్పడం నేర్పే ఫైర్ గ్రౌండ్. ఇనుప గదుల్లో పొగ నింపి, శ్వాస పరికరం తగిలించి, ఇద్దరిద్దరిని పంపిస్తారు. గోడని అరచేత్తో కాదు, చేతి వెనక వైపుతో తడుముకుంటూ వెళ్లాలట. కరెంటు తీగ తగిలితే వేళ్లు ముడుచుకుని దాన్నే పట్టేసుకోకుండా ఈ జాగ్రత్త. పక్కనే ఓడల్లో ఉండే మూసిన ట్యాంకుకి నమూనా ఒకటి పెట్టారు. ఇనుము తుప్పు పడుతూ లోపలి ఆక్సిజన్‌ని తినేస్తుంది, చూడటానికి ఏమీ తెలియదు. పడిపోయినవాణ్ని కాపాడాలని పరుగెత్తి దిగినవాళ్లు కూడా అలాగే పోయిన ఘటనలు ఎన్నో ఉన్నాయి. అందుకే 2015 నుంచి ఓడల మీద రెండు నెలలకోసారి ఇలా మూసిన చోట్లలోకి దిగడం, అక్కణ్నుంచి కాపాడటం మీద డ్రిల్ తప్పనిసరి చేశారు. మీటర్‌తో గాలి కొలవనిదే ఒక్క కుర్రాణ్ని కూడా ఆ నమూనాలోకి దిగనివ్వలేదు.

రాత్రి మెస్‌లో కొలను దగ్గరి ఇన్‌స్ట్రక్టరే ఫ్రాన్స్‌లోని పోర్ట్ రెవెల్ అనే శిక్షణ కేంద్రం గురించి చెప్పారు. గ్రెనోబుల్ నగరానికి దగ్గరలో ఒక సరస్సు. అసలు ఓడలో 25వ వంతు ఉండే నమూనా ఓడల్లో కెప్టెన్లు, ఓడల్ని రేవులోకి నడిపించే పైలట్లు కూర్చుని నడుపుతూ నేర్చుకుంటారు. కొలత అంత తగ్గితే కాలం ఐదు రెట్లు వేగంగా నడుస్తుంది, అంటే ఆలోచించడానికి ఐదో వంతు వ్యవధే దొరుకుతుంది. ఇన్ని సిమ్యులేటర్లు వచ్చాక కూడా అనుభవం ఉన్నవాళ్లు నీళ్ల మీదికి వెళ్లి నేర్చుకుంటున్నారంటే మొదటి కేంద్రం తెరలు గుర్తొచ్చాయి.

మూడోది ఇంజిన్ వైపు బలమైన చోటు. లేత్‌లు, వెల్డింగ్ బూత్‌లు, విప్పి మళ్లీ బిగించే పంపులు, అన్నీ వాడి వాడి మెరుగెక్కి ఉన్నాయి. అక్కడ మేం ఎక్కువసేపు లేం. కానీ ఆఫీసులో కూర్చున్నావిడ చెప్పినంత నిజాయితీగా ఇంకెవరూ చెప్పలేదు. ప్రాథమిక భద్రతా కోర్సు ఒక్కటే పూర్తి చేస్తే ఆఫీసర్ అయిపోరని, ఓడ సిబ్బంది శిక్షణకి ప్రమాణాలు పెట్టే ఎస్‌టీసీడబ్ల్యూ అనే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఆమోదం పొందిన కోర్సులో చేరిన డెక్ కేడెట్‌కైనా (శిక్షణలో ఉన్నవాడికైనా) కనీసం 12 నెలల సీ టైమ్, అంటే ఓడ మీద పనిచేసిన కాలం కావాలని, ఆ కోర్సు లేకపోతే అది 36 నెలలని వివరించింది. సీ టైమ్‌కి ఓడ ఎవరు చూపిస్తారు, రాతపూర్వకంగా ఇస్తారా అని ప్రతి చోటా అడగమని తనే చెప్పింది. మొదటి కేంద్రంలో "ప్లేస్‌మెంట్ గ్యారంటీ" అన్నారు గానీ కాగితం అడిగితే మాట మార్చేశారు.

తిరుగు ప్రయాణంలో వాడు చాలాసేపు మాట్లాడలేదు. "మామయ్యా, రేవు పక్కన చోటే" అన్నాడు చివరికి. సరే అన్నాను. అయితే ఫీజు కట్టేముందు ఓడ ఉద్యోగానికి కావాల్సిన మెడికల్ చేయించుకోమని మూడో కేంద్రం ఆఫీసులో ఆవిడ గట్టిగా చెప్పింది. రాత్రి పూట ఎరుపు, ఆకుపచ్చ దీపాలను చూసే ఎదుటి ఓడ ఎటు వెళ్తోందో పోల్చుకోవాలి కాబట్టి రంగుల చూపులో లోపం ఉంటే డెక్ వైపు దారి మూసుకుపోతుంది. సోమవారం కంటి పరీక్షకి టైమ్ తీసుకున్నాం.