1/350 ఎంటర్‌ప్రైజ్: తెర మీది ఓడలా మార్చిన కిట్, ఏళ్ల వాడకం తర్వాత

‘స్టార్ ట్రెక్’ తొలి టీవీ సిరీస్‌లోని అంతరిక్ష నౌక ఎంటర్‌ప్రైజ్‌ని 1/350 కొలతలో కట్టుకునే ప్లాస్టిక్ కిట్ ఇది. ఆకారంలో ఈ కిట్‌కి వంక పెట్టడానికి లేదు. కథలో 947 అడుగులున్న ఓడ 1/350 లెక్కన 82.5 సెంటీమీటర్లకు వస్తుంది, 417 అడుగుల సాసర్ (ముందున్న గుండ్రటి పళ్లెం భాగం) 36 సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది. మెడ వాలు, పైలాన్ల (నాసెళ్లనే ఇంజిన్ గొట్టాలని మోసే కాళ్ల) కోణం, వెనక హల్ (ఓడ దేహం) సన్నబడే తీరు అన్నీ సరిగ్గా కుదిరాయి. కాబట్టి కోసి అతికించే పని పెద్దగా లేదు. తెర మీద చూసిన ఓడలా కనిపించాలంటే చేయాల్సింది ఎక్కువగా తగ్గించడమే. గీతలు పూడ్చాలి, లైట్లు తగ్గించాలి, మరకల జోలికి తక్కువగా పోవాలి. షెల్ఫ్ మీద ఏళ్ల తరబడి వెలుగుతూ ఉన్నాక ఈ మార్పుల్లో ఏవి నిలిచాయి, ఏవి విప్పి మళ్లీ చేయాల్సి వస్తాయి అన్నదే ఈ సమీక్ష.

ముందు ఏ ఓడ కావాలో తేల్చుకోవాలి. మాట్ జెఫ్రీస్ డిజైన్‌తో 1964లో తయారైన 11 అడుగుల షూటింగ్ మోడల్ ఒక్కటే, కానీ దాన్ని దశలవారీగా మార్చారు. మొదటి పైలట్ (సిరీస్‌కి ముందు తీసిన ప్రయోగాత్మక ఎపిసోడ్) నాటికి అందులో లైట్లే లేవు. రెండో పైలట్‌కి లోపల దీపాలు పెట్టారు. 1966లో సిరీస్ మొదలయ్యేసరికి నాసెల్ ముందున్న ముళ్లు పోయి వెలిగే డోములు వచ్చాయి, వెనక చిల్లుల మూత స్థానంలో గుండ్రటి బంతి వచ్చింది, సాసర్ మీది బ్రిడ్జి (ఓడని నడిపే గది) గోపురం ఎత్తు తగ్గింది, హల్ ముందున్న డిఫ్లెక్టర్ డిష్ చిన్నదైంది. పైలట్ల కోసం తీసిన షాట్లను సిరీస్‌లో పదేపదే వాడుకున్నారు కాబట్టి ఒకే ఎపిసోడ్‌లో ముళ్ల డోమూ వెలిగే డోమూ రెండూ కనిపిస్తాయి. ఒక షాట్ చూసి ముందుభాగం, ఇంకో షాట్ చూసి వెనకభాగం చేస్తే అసలు ఎప్పుడూ లేని ఓడ తయారవుతుంది. స్క్రీన్‌షాట్లు దాచేటప్పుడే వెర్షన్ వారీగా వేరు చేసుకోండి. ఇక్కడ రాస్తున్నదంతా సిరీస్ వెర్షన్ గురించి.

మ్యూజియం ఫొటోల విషయంలోనూ జాగ్రత్త కావాలి. మోడల్ 1974 నుంచి అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియం దగ్గర ఉంది. 1991–92లో దానికి వేసిన రంగులో పలకల గీతలు, నీడలు బాగా దట్టంగా ఉంటాయి. ఆ కాలపు ఫొటోలను నమ్మి రంగేస్తే షూటింగ్ నాటి ఓడ రాదు. 2016లో పూర్తయిన పునరుద్ధరణ తర్వాతి ఫొటోలే ఆధారం. అందులోనూ సాసర్ పైభాగం మీద మిగిలి ఉన్నది అప్పటి అసలు రంగే కాబట్టి, సందేహం వచ్చినప్పుడల్లా అక్కడికే వెళ్లాలి. ఇంకో సంగతి: దీపాల వైర్లు ఎడమవైపు నుంచి లోపలికి వెళ్లేవి. అందుకే ఆ వైపు వివరాలేమీ చేయకుండా వదిలేశారు, కెమెరా కుడివైపునే ఉండేది. ఎడమవైపు కనిపించాలంటే అక్షరాలు తిరగేసి అతికించి, తీసిన ఫిల్మ్‌ని తిప్పేవారు. కనుక కిట్‌లో ఎడమవైపు సందేహమొస్తే కుడివైపుని అద్దంలో చూసినట్టు చేస్తే చాలు.

అసలు కష్టం సాసర్ మీద. కిట్‌లో గీతలు ప్లాస్టిక్‌లోకి చెక్కి ఉంటాయి. సన్నగానే ఉన్నా, చెక్కిన గీత చెక్కిన గీతే. పక్క నుంచి వెలుతురు పడితే నీడ పట్టుకుంటుంది. అసలు మోడల్ సాసర్ మీద ఉన్నవి పెన్సిల్ గీతలు. ఆ మోడల్ 3.4 మీటర్లు, కిట్ దానిలో నాలుగో వంతు. అక్కడి పెన్సిల్ గీత అర మిల్లీమీటరు మందం అనుకున్నా, ఇక్కడికి 0.12 మి.మీ. కావాలి. తెర మీద అది దాదాపు కనిపించదు, దగ్గరి షాట్‌లో మాత్రమే లీలగా తెలుస్తుంది. చెక్కిన గీతలో ముదురు వాష్ (గీతల్లోకి జారే పలుచని రంగు) పోస్తే దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఫలితం వస్తుంది. ఈ ఓడ మీద వాష్ అనే పనే పెట్టుకోకూడదని నా అభిప్రాయం.

పూడ్చడానికి చిక్కటి సర్ఫేసర్ ప్రైమర్, 500 రకం, సన్నటి బ్రష్‌తో గీతల వెంబడి మాత్రమే రెండు పూతలు వేయాలి. రెండింటి మధ్య ఒక రోజు, రెండో పూత తర్వాత కనీసం వారం రోజులు ఆగాలి. ఆరినట్టు కనిపించగానే రుద్దితే ఆ పూట నున్నగానే ఉంటుంది. కానీ సాల్వెంట్ నెమ్మదిగా ఆవిరయ్యే కొద్దీ పూత కుంచించుకుపోయి, రంగు వేసిన నెలల తర్వాత పాత గీతలు మళ్లీ తేలతాయి. సూపర్ గ్లూతో పూడిస్తే కుంగదు గానీ, ఒక రోజు దాటితే అది ప్లాస్టిక్ కంటే గట్టిపడుతుంది. ఉప్పుకాగితం చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌నే తినేసి, గ్లూ గట్టులా మిగులుతుంది. వేస్తే గంటా రెండు గంటల్లో రుద్దేయాలి. నా ఓటు సర్ఫేసర్‌కే, ఓపిక ఉంటే. రుద్దేటప్పుడు 400 నంబరు కాగితంతో మొదలుపెట్టి 800, ఆపైన 1200, అన్నీ తడిపి. వేలితో నొక్కకుండా మెత్తటి స్పాంజి ముక్కకి కాగితం చుట్టి రుద్దండి. వేలు సాసర్ వంపులో గుంటలు చేస్తుంది, మెరుపు పూత పడ్డాకే అవి బయటపడతాయి.

మళ్లీ గీయడం దీని తర్వాత. పునాది రంగు మ్యాట్‌గా ఉండాలి, నిగనిగలాడే పూత మీద పెన్సిల్ పట్టదు. 0.3 మి.మీ. మెకానికల్ పెన్సిల్, హెచ్ లేదా 2హెచ్ ములుకు. వలయాల కోసం బ్రిడ్జి కూర్చునే రంధ్రంలో బిగుతుగా పట్టే బిరడా పెట్టి, దాని మధ్యలో సూది గుచ్చి, ప్లాస్టిక్ పట్టీని కంపాస్‌లా తిప్పాలి. మధ్య నుంచి అంచుకి వెళ్లే గీతలకి గట్టి స్కేలు పనికిరాదు. సాసర్ ఉపరితలం అంచు దాకా ఒకే వాలుగా ఉండదు, అర మిల్లీమీటరు మందం ప్లాస్టిక్ పట్టీ అయితే వంపుని అనుసరిస్తుంది. ఒక్కసారే, ఒత్తిడి లేకుండా గీయాలి. గీత మీద గీత పడితే అక్కడ నల్లబడుతుంది. దీని మీద క్లియర్ పూత మొదట పొగమంచులా, దూరం నుంచి, రెండు మూడు సార్లు పడాలి. తడిగా కొడితే గ్రాఫైట్ కొట్టుకుపోయి బూడిదరంగు మచ్చలవుతాయి. వరస ఇది: మ్యాట్ పునాది, పెన్సిల్, పలుచని క్లియర్, మెరుపు పూత, డీకాల్స్ (నీళ్లలో తడిపి అతికించే అక్షరాలు, గుర్తులు), చివర మ్యాట్. ఇలా చేసిన గీతలు ఏళ్లు గడిచినా చెరగలేదు, పాలిపోలేదు. మూడడుగుల దూరంలో కనిపించవు, అడుగు దూరంలో కనిపిస్తాయి. కావాల్సింది అదే.

రంగు సంగతి తొందరగా ముగిస్తాను. అసలు రంగు కాస్త ఆకుపచ్చ కలిసిన లేత బూడిద. షూటింగ్‌లో వెనక పెట్టే నీలి తెర (బ్లూస్క్రీన్) నుంచి తిరిగొచ్చిన వెలుతురు, ఫిల్మ్‌ని మళ్లీ మళ్లీ కాపీ చేయడం వల్ల తెర మీద అది ఒకసారి నీలంగా, ఒకసారి తెల్లగా కనిపిస్తుంది. తెర చూసి నీలిబూడిద వేసుకుంటే గదిలో వెలుతురు మారినప్పుడల్లా బొమ్మలా అనిపిస్తుంది. ఆకుపచ్చ ఛాయ ఉన్న బూడిదే వేయండి, మిగతాది దీపాలు చూసుకుంటాయి.

ఇక వెలుగు. బూడిదరంగు ప్లాస్టిక్ గుండా ఎల్‌ఈడీ కాంతి దాటిపోతుంది. లోపల నలుపు రెండు పూతలు, దాని మీద తెలుపు రెండు పూతలు. అతుకుల దగ్గర నలుపు అంచు దాకా రావాలి, కానీ అతికే ముఖం మీద పడకూడదు. రంగు మీద జిగురు పట్టదు. మూసే ముందు చీకటి గదిలో వెలిగించి, కిటికీ అద్దాలన్నిటికీ టేపు వేసి, ఎక్కడ కారుతోందో చూడాలి. అల్యూమినియం టేపు వాడేవాళ్లు ఉన్నారు. బాగా అడ్డుకుంటుంది, కానీ కరెంటు పారుతుంది. టంకం వేసిన చోట హీట్ ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకునే తొడుగు) లేకపోతే షార్ట్ అవుతుంది.

అసలు మోడల్‌లో ఉన్నవి ఫిలమెంట్ దీపాలు. కిటికీలకి 2700–3000 కెల్విన్ వెచ్చని తెలుపే పెట్టాలి, చల్లని తెలుపు పెడితే ఈ కాలపు ఓడైపోతుంది. 12 వోల్టుల మీద మూడేసి తెల్ల ఎల్‌ఈడీలు వరసగా కలిపితే ఒక్కోదానికి సుమారు 3.1 చొప్పున 9.3 వోల్టులు పోతాయి, మిగిలిన 2.7 వోల్టులకి 270 ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే 10 మిల్లీఆంపియర్లు పారుతుంది. 20 మిల్లీఆంపియర్లు పెట్టకండి. వెలుగు తెర మీది కంటే ఎక్కువైపోతుంది, మూసిన హల్‌లో వేడీ పెరుగుతుంది. ఒక వరసలో ఒకటి పోతే మూడూ ఆరతాయి కాబట్టి ఆ మూడింటినీ ఒకేచోట పెట్టకుండా చెదరగొట్టండి, చీకటి మూల ఏర్పడదు. కిటికీ వెనక ఒక పొర ట్రేసింగ్ పేపర్ ఉంటే ఎల్‌ఈడీ చుక్క కనబడదు. అన్ని కిటికీలూ వెలిగించకండి. తెర మీద చాలా కిటికీలు చీకటిగానే ఉంటాయి.

నాసెల్ డోముల దగ్గరే ఈ ఓడకి ప్రాణం వస్తుంది. అసలు మోడల్‌లో రంగురంగుల చిన్న దీపాలు మిణుకుమిణుకుమంటూ వెలిగేవి, వాటి ముందు రెక్కల చక్రం తిరిగేది, పైన మసక డోము. దీపాలూ రెక్కలూ కాక, రెండూ కలిసి డోము మీద వేసే కదిలే నీడే మనకి కనిపించేది. అందుకని డోము ఎంత మసకగా ఉండాలన్నదే అన్నిటికంటే ముఖ్యం. లోపలివైపు మ్యాట్ క్లియర్ ఒక పలుచని పూత వేసి, వెలిగించి, ఒకటిన్నర మీటర్ల దూరం నుంచి చూడండి. ఎల్‌ఈడీల చుక్కలు విడివిడిగా తెలిస్తే ఇంకో పూత. రెక్కల నీడ అంచు పోయి మొత్తం ఒకే నారింజ ముద్దలా అయితే మితిమీరినట్టే, కడిగేసి మళ్లీ మొదలుపెట్టాలి. క్లియర్ ఆరెంజ్ మసక కంటే పలుచగా ఉండాలి. దీపాల్లో నారింజ, ఎరుపు ఎక్కువ, నీలం, ఆకుపచ్చ ఒకటి రెండు. అన్నీ ఒకే లయలో మిణకకూడదు. వేగం సరిచేయడానికి ఎపిసోడ్‌ని పక్కన నడిపిస్తూ పీడబ్ల్యూఎం కంట్రోలర్ (మోటారు వేగాన్ని పెంచి తగ్గించే పరికరం) తిప్పుకోవడమే దారి. దాదాపు అందరూ ఫ్యాన్ అతివేగంగా తిప్పుతారు.

కాలం గడిచాక ముందుగా మొరాయించేవి ఈ చిన్న మోటార్లే. డొల్ల నాసెల్ శబ్దాన్ని పెంచుతుంది. మోటారుని ప్లాస్టిక్‌కి నేరుగా అతికించకుండా మధ్యలో 2 మి.మీ. సిలికోన్ రబ్బరు వేస్తే గది నిశ్శబ్దంగా ఉన్నా వినబడదు. కార్బన్ బ్రష్‌ల నిప్పురవ్వల వల్ల ఎల్‌ఈడీలు వణుకుతుంటే మోటారు కాళ్ల మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ టంకం వేయండి. మామూలు మెషిన్ ఆయిల్ డోము ప్లాస్టిక్‌కి తగిలితే సన్నటి బీటలు వస్తాయి, ప్లాస్టిక్‌కి హాని చేయని సిలికోన్ ఆయిల్ మాత్రమే, సూది మొనతో ఒక చుక్క. మోటార్లకి స్విచ్ వేరుగా పెట్టండి. దీపాలు గంటల తరబడి వెలగొచ్చు, బ్రష్‌లు మాత్రం తిరిగినంతసేపూ అరుగుతాయి. డోమును జిగురుతో అతికించకుండా ఒరుసుకుని నిలిచేలా బిగిస్తే మోటారు మార్చడం పది నిమిషాల పని, అతికిస్తే నాసెల్ కోయాలి.

రెండో దీర్ఘకాల సమస్య నాసెళ్ల వాలు. పాలీస్టైరిన్ మీద బరువు నిలకడగా ఉంటే అది మెల్లమెల్లగా సాగుతుంది, వేడి గదిలో ఇంకా త్వరగా. మోటారు, వైర్లు నాసెల్ ముందు కొసన చేరి బరువుని పైలాన్ మొదట్లోకి తోస్తాయి. పైలాన్ లోపల పట్టేంత ఇత్తడి పట్టీని హల్ లోపలి దాకా చొప్పించి, రెండు కొసలా 24 గంటల్లో గట్టిపడే ఎపాక్సీ జిగురుతో బిగించాలి. 5 నిమిషాల ఎపాక్సీ కాలక్రమంలో పెళుసుబారుతుంది. వైర్లకి 0.2–0.3 మి.మీ. ఎనామెల్ రాగితీగ వాడితే పట్టీ పక్కన చోటు సరిపోతుంది. ఎపాక్సీ గట్టిపడే లోపు ప్రతి నాసెల్ ముక్కు నుంచి సాసర్ అంచుకి దూరం కొలవండి, రెండు వైపులా ఒకటే ఉండాలి. మిల్లీమీటరు తేడా ఉన్నా ఎదురుగా నిలబడితే కంటికి తెలిసిపోతుంది. ఇత్తడి లేకుండా కట్టిన ఓడలు కొన్నేళ్లకి రెక్కలు వాల్చడం చూశాను. ఇత్తడి వేసినది పెట్టిన చోటే ఉంది.

మెడ దగ్గర జేఎస్‌టీ కనెక్టర్ (వైర్లని విప్పి మళ్లీ కలపగలిగే చిన్న ప్లగ్) పెట్టి సాసర్‌ని విప్పదీసేలా ఉంచడం ఖాయంగా చేయాల్సిన పని. నేరుగా టంకం వేసినవాళ్లు ఒక్క వరస ఆరినా మొత్తం ఓడని పగలగొట్టాల్సి వస్తుంది.

హ్యాంగర్ (చిన్న నౌకలు నిలిపే చోటు) లోపలి గది, ఫొటోఎచ్ (రసాయనంతో చెక్కిన) ఇత్తడి జాలీలు లాంటి అదనపు సెట్ల మీద డబ్బు పెట్టకండి. షూటింగ్‌లో హ్యాంగర్ లోపలి భాగం వేరే మినియేచర్, పెద్ద మోడల్‌లో తలుపులు తెరుచుకునేవి కావు. మూసి ఉంచడమే తెరకు నిజం.

పైపూత విషయంలో అక్రిలిక్ మ్యాట్ వేసిన భాగాలు రంగు మారలేదు. ఎనామెల్ క్లియర్ వేసిన ఓడ నంబరు ఎన్‌సీసీ-1701 అక్షరాల చుట్టూ మాత్రం పసుపు ఛాయ తేలింది, దాన్ని తీయాలంటే డీకాల్ కూడా పోతుంది. దుమ్ము నాసెల్ లోపలివైపు గాడిలో, బ్రిడ్జి చుట్టూ పేరుకుంటుంది. మెత్తటి మేకప్ బ్రష్‌తో, లైట్లు ఆపి, సాసర్ మధ్య నుంచి అంచు వైపుకి తుడవండి. తడిగుడ్డ మ్యాట్ పూత మీద మెరుపు చారలు వదులుతుంది.