వైరస్‌ను పట్టింది, కంప్యూటర్‌ను మాత్రం పడుకోనివ్వలేదు

రాత్రి తొమ్మిదిన్నర. షట్టర్ సగం దించి, తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడ్డాను. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి, కింద ‘షటింగ్ డౌన్’ అన్న మాట కదలకుండా ఉంది. పది నిమిషాలకు నీలం తెర, దాని మీద ఏడుపు మొహం. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసి ఇంటికి వెళ్లాను. ఇలా మూడు వారాలు గడిచాయి.

తెనాలిలో నాది చిన్న డీటీపీ దుకాణం. డబ్బు పోసి కొన్న యాంటీవైరస్ మీద ఈ సమీక్ష. పేరు చెప్పను, ఎందుకంటే ఈ నేరంలో ఇంకొకరికీ వాటా ఉందని చివరికి తేలింది.

ముందు మంచి చెప్పాలి. ప్రాజెక్టు రిపోర్టులు ప్రింటు తీయించుకునే కాలేజీ పిల్లల పెన్ డ్రైవ్‌లంటే నాకు దడ. ఫోల్డర్లు మాయమై వాటి స్థానంలో షార్ట్‌కట్లు మాత్రమే కనిపించే ఆ వైరస్ మా వీధిలో తిరగని దుకాణం లేదు. మూడు కంప్యూటర్లకు ఏడాదికి 1,100 రూపాయలు పెట్టి కొన్న ఈ సాఫ్ట్‌వేర్, పెన్ డ్రైవ్ పెట్టీ పెట్టగానే దాన్ని పట్టేసేది. పని వేగం కూడా పెద్దగా తగ్గలేదు.

గొడవంతా కంప్యూటర్ ఆపేటప్పుడే. బలవంతంగా ఆపిన మర్నాడు ఒక శుభలేఖ ఫైలు తెరుచుకోలేదు. పెళ్లికూతురి తండ్రి ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉండగా, ప్రూఫు కాగితం పక్కన పెట్టుకుని ముహూర్తం దగ్గర నుంచి మళ్లీ కంపోజ్ చేశాను. ఆయన ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

హార్డ్‌వేర్ కుర్రాడు వచ్చి “బాబాయ్, ఎస్‌ఎంపీఎస్ పోయింది” అన్నాడు, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా. 1,200 రూపాయలు పెట్టి మార్పించాను, ఆ రాత్రీ అదే చుక్కలు. యాంటీవైరస్ వల్ల కావచ్చేమో అంటే నవ్వాడు. నవ్వవలసిన విషయం కాదు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ అనే యాంటీవైరస్ అప్‌డేట్ ఒకటి విండోస్ ఎక్స్‌పీ సొంత ఫైలునే వైరస్ అనుకుని పట్టేయడంతో ఎన్నో ఆఫీసుల్లో కంప్యూటర్లు ఆగుతూ మొదలవుతూ తిరిగాయి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన తప్పు అప్‌డేట్ దెబ్బకు నీలం తెర పడిన కంప్యూటర్లు, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారమే, 85 లక్షలు. కాపలావాడికి ఇంటి తాళాలన్నీ ఇస్తాం కదా, వాడు తూలితే తలుపులన్నీ మూసుకుపోతాయి.

కంపెనీ సహాయ నంబరుకు ఫోన్ చేస్తే నలభై నిమిషాలు సంగీతం వినిపించి, “ఫార్మాట్ చేయించుకోండి సార్” అన్నారు. సేవకు నేను తీసేసిన మార్కులన్నీ అక్కడే.

తరువాత నేనే కూర్చున్నాను. జరిగినవన్నీ విండోస్ రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ విభాగం తెరిస్తే 41, 6008 అనే నంబర్లు వరసగా కనిపించాయి. కంప్యూటర్ సరిగా ఆగలేదని చెప్పడమే వాటి పని, కారణం చెప్పవు. నీలం తెర మీద ‘డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్’ అని ఉంది. అంటే ఏదో ఒక డ్రైవర్ (విండోస్ లోపలే ఉండి పరికరాలనో ఫైళ్లనో చూసుకునే చిన్న ప్రోగ్రాము) ‘ఆగు’ అన్న మాటకు సకాలంలో జవాబు ఇవ్వలేదు. నీలం తెర పడినప్పుడల్లా విండోస్ ఫోల్డర్‌లో మిగిలే మినీడంప్ ఫైళ్లను బ్లూస్క్రీన్‌వ్యూ అనే ఉచిత సాధనంతో తెరిచాను. నాలుగింటిలోనూ మన యాంటీవైరస్ డ్రైవరే. రక్షణను తాత్కాలికంగా నిలిపి చూశాను, ఉపయోగం లేదు. తెర మీద దాని గుర్తు బూడిదరంగు అవుతుంది కానీ డ్రైవర్ లోపలే ఉంటుంది. మర్నాడు త్వరగా మొదలవడానికి విండోస్ పెట్టుకునే ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు తీసేస్తే రోజూ వచ్చే నీలం తెర వారానికి రెండుసార్లయింది.

అసలు దొంగ ఎఫ్‌ఎల్‌టీఎంసీ (fltmc) అనే ఆదేశంతో దొరికాడు. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొడితే, ఫైళ్ల దారిలో కాపు కాసే డ్రైవర్ల జాబితా వస్తుంది. అందులో నిరుడు కంట్రోల్ ప్యానెల్ నుంచి తీసేశాననుకున్న పాత యాంటీవైరస్ కూడా ఉంది! ఒకే గుమ్మం దగ్గర ఇద్దరు కాపలావాళ్లు, ఎవరూ ముందు కదలరు. పాత కంపెనీవాళ్ల సైటులో తొలగింపు సాధనం ఉచితంగానే ఉంది. దాన్ని దించుకుని, అత్యవసరమైనవి మాత్రమే లేచే సేఫ్ మోడ్‌లో నడిపాను. అలా చేసేవాళ్లు ముందు ఫైళ్లు వేరేచోట దాచుకోండి. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ దగ్గర పెట్టుకోండి.

నీలం తెర పోయింది. అయినా ఆ కంప్యూటర్ ఆగడానికి నిమిషంన్నర పట్టేది. అందుకని కొత్తదాన్నీ తీసేశాను. విండోస్‌తోనే వచ్చే రక్షణ, విండోస్ డిఫెండర్, తనంతట తానే మేల్కొంది. ఇప్పుడు పన్నెండు సెకన్లు.

తప్పు పూర్తిగా కొత్తదానిది కాదు, నిజమే. కానీ ఎక్కించేటప్పుడు ‘పాత రక్షణ ఏదైనా ఉందా అని చూస్తున్నాం’ అంటూ పచ్చ గీత చివరిదాకా నింపింది కదా, ఏం చూసినట్టు? ఐదుకు రెండున్నర ఇస్తున్నాను.

పెన్ డ్రైవ్‌లు పెట్టే మూడో కంప్యూటర్‌లో మాత్రం దాన్ని ఉంచాను. అది కొత్తగా కొన్నది, పాత యాంటీవైరస్ దాని మొహం చూడలేదు. రాత్రి బుద్ధిగా ఆగిపోతోంది.