డీఎన్‌ఏ దాచుకోవాలా, బతికున్న కణాలా?

వైద్యం ఇంకా ముందుకెళ్తే ఆయుష్షు పెంచుకోవచ్చన్న ఆశతో డీఎన్‌ఏ భద్రపరుచుకునేవాళ్లు ఉన్నారు. తిరుపతిలో ఈ మాటెత్తితే, కొండమీద ఇచ్చిన తలనీలాలు చాలవా అని ఎవరో ఒకరు నవ్విస్తారు. చాలవు. కల్యాణకట్టలో బ్లేడుతో గీస్తారు కాబట్టి కుదుళ్లు తలలోనే ఉండిపోతాయి. తెగిపడిన వెంట్రుకలో ఉండేది చాలావరకు ముక్కలైన డీఎన్‌ఏనే.

సరే, అసలు దారులు మూడు. రక్తపు చుక్కనో చెంప లోపలి కణాలనో కాగితం మీద ఆరబెట్టి దాచడం అన్నిటికంటే చవక. దీనికి శత్రువులు వేడి, తేమ. న్యూజీలాండ్‌లో అంతరించిపోయిన మోవా పక్షి ఎముకల మీద 2012లో వచ్చిన పరిశోధన, 13 డిగ్రీల చల్లదనంలో కూడా 521 ఏళ్లకు డీఎన్‌ఏ బంధాల్లో సగం తెగిపోతాయని లెక్కగట్టింది. మన ఎండలకు ఇంట్లో బీరువా పనికిరాదు. అయినా నా అభ్యంతరం వేరే. డీఎన్‌ఏ ఒక్కటే ఉంటే, మహా అయితే మీకు ఆలస్యంగా పుట్టిన కవల తయారవుతాడు. వాడికి మీ జ్ఞాపకం ఒక్కటీ ఉండదు. దాన్ని ఆయుష్షు పెరగడం అనలేం.

రెండోది జీనోమ్, అంటే మీ డీఎన్‌ఏ మొత్తం చదివించి ఫైలుగా పెట్టుకోవడం. దాదాపు 300 కోట్ల అక్షరాలు ఒక పెన్‌డ్రైవ్‌లో పడతాయి. ఏ మందు పడదు, వంశంలో ఏ జబ్బు వస్తోంది అనేది ఈరోజే కొంత తెలుస్తుంది. భయమల్లా గోప్యత గురించే. అమెరికాలో డీఎన్‌ఏ పరీక్షలు చేసే 23అండ్‌మీ కంపెనీ నుంచి 2023లో సుమారు 69 లక్షల మంది సమాచారం బయటికి పోయింది, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. మీ ఫైలు పోతే మీ అన్నదమ్ములదీ పిల్లలదీ కొంత పోయినట్టే.

మూడోది చర్మకణాల్ని బతికుండగానే గడ్డకట్టించడం. ఆయుష్షు మీద ఆశ ఉన్నవాళ్లకు నా ఓటు దీనికే. మామూలు కణాన్ని, ఏ రకం కణంగానైనా మారగల మూలకణంగా వెనక్కి తిప్పొచ్చని జపాన్ శాస్త్రవేత్త యమనక 2006లో ఎలుకల కణాలతో చూపించి, 2012లో నోబెల్ అందుకున్నాడు. 2014లో జపాన్‌లో ఒక రోగి సొంత చర్మకణాల నుంచే రెటీనా పొర పెంచి కంట్లో అమర్చారు. వయసు పెరిగేకొద్దీ కణాల్లో తప్పులు పోగవుతాయి కనుక అరవైలో కన్నా పాతికలో దాచిందే మేలు.

చిక్కల్లా ఆ కణాల్ని ఉంచే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తోనే. అది ఊరికే ఆవిరైపోతూ ఉంటుంది, పోస్తూనే ఉండాలి. పశువులకు సూదితో కట్టించే గోపాలమిత్ర క్యాన్‌లో నైట్రోజన్ అయిపోతే వీర్యం స్ట్రాలు చెడిపోతాయని పలమనేరు, పుంగనూరు పాడిరైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కణాలు మేలన్నానని ప్రసవం టెన్షన్‌లో అంటగట్టే బొడ్డుతాడు రక్తం ప్యాకేజీకి తలూపకండి. బిడ్డ సొంత అవసరానికంటూ ప్రైవేటు బ్యాంకులో దాచడాన్ని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సిఫార్సు చేయడం లేదు.

చర్మకణాలకైనా సంతకం పెట్టేముందు ఒకటి అడగండి: కంపెనీ మూతపడితే నైట్రోజన్ ఎవరు పోస్తారు? జవాబు కాగితం మీద ఇవ్వకపోతే ఫైలుతో ఆగి, దాని కాపీ మీ దగ్గరే పెట్టుకోండి.