కెన్యా మిషన్ ఆసుపత్రుల్లో స్వచ్ఛంద వైద్యసేవ: కిజాబె, టెన్వెక్, ఒక సంచార శిబిరం

క్రైస్తవ మిషన్ తరఫున వైద్యసేవకు విదేశం వెళ్లాలనుకునేవారు సాధారణంగా ముందు దేశాన్ని ఎంచుకుంటారు, ఆ తరువాత తీసుకెళ్లే సంస్థను వెదుకుతారు. శస్త్రచికిత్సకు మత్తుమందు ఇచ్చే వైద్యురాలిగా కెన్యాలో మూడు రకాల చోట్ల పనిచేసిన మీదట నేను చెప్పగలిగింది ఒక్కటే. మనం వచ్చేశాక అక్కడి రోగిని ఎవరు చూసుకుంటారన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబున్న ఆసుపత్రినే ఎంచుకోవాలి.

ఆ జవాబు దొరకని చోటు నేను వెళ్లిన సంచార వైద్య శిబిరం. దానిని నడిపిన సంస్థవారు శ్రద్ధాపరులు, ప్రార్థనాపరులు. ప్రయాణ ఏర్పాట్లలోనూ బసలోనూ ఏ లోటూ రానివ్వలేదు. అయితే బడి గదుల్లో బల్లలు వేసుకుని రక్తపోటు ఉన్నవారిని గుర్తించి, నెలకు సరిపడా మాత్రలిచ్చి పంపుతుంటే, ఆ నెల గడిచాక వారు ఎక్కడికి వెళ్లాలో మాలో ఎవరికీ తెలియదు. అక్కడి ఆరోగ్య కేంద్రానికి రాసి ఇచ్చిన చీటీ కూడా లేదు. విరాళంగా వచ్చిన మందుల్లో కొన్నింటికి గడువు దగ్గరపడింది. దానంగా పంపే మందులకు, అవి ఆ దేశం చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రోజంతా ఎండలో వరుసలో నిలబడిన వృద్ధులకు ఇంతకంటే మెరుగైన సేవ అందవలసింది.

కిజాబె ఆసుపత్రి ఇందుకు పూర్తిగా భిన్నమైనది. నైరోబీకి వాయవ్యంగా, రిఫ్ట్ లోయ అంచున ఉన్న ఈ ఆసుపత్రి 1915లో మొదలైంది. ఇక్కడ నర్సులకు మత్తుమందు ఇవ్వడంలో శిక్షణ ఇస్తారు, వారు చదువు ముగించుకుని శస్త్రచికిత్స జరిగే ఇతర ఆసుపత్రులకు వెళతారు. అందువల్ల నా పని ఎక్కువగా నేను స్వయంగా మత్తు ఇవ్వడం కాక, పసిపిల్లలకు శ్వాసనాళంలో గొట్టం వేసేటప్పుడు శిక్షణలో ఉన్న నర్సు పక్కన నిలబడి, అవసరమైతేనే చేయి కలపడం. ఆ నర్సుకు వచ్చిన నైపుణ్యం నా తిరుగు ప్రయాణంతో పోయేది కాదు. అతిథిగృహం నిరాడంబరంగా, శుభ్రంగా ఉంటుంది. సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకు పైన ఉన్న ప్రదేశం కనుక రాత్రుళ్లు చలి, గాలి ఎక్కువ. ఆఫ్రికా అనగానే పలుచని బట్టలు సర్దుకునేవారు ఉన్ని దుస్తులు తప్పక తీసుకెళ్లాలి.

బొమెట్ కౌంటీలోని టెన్వెక్ మరింత దూరం. నైరోబీ నుంచి నారోక్ మీదుగా రోడ్డున నాలుగైదు గంటలైనా పడుతుంది. 1937లో వరల్డ్ గాస్పెల్ మిషన్ ప్రారంభించిన ఈ ఆసుపత్రికి పక్కనే ఉన్న జలపాతం మీద సొంత జలవిద్యుత్ కేంద్రం ఉంది. విద్యుత్ మీద ఆధారపడి పనిచేసే మా వృత్తివారికి దాని విలువ వేరే చెప్పనక్కరలేదు. ఆ ప్రాంతంలో అన్నవాహిక క్యాన్సర్ చాలా ఎక్కువ. గుక్కెడు నీరు కూడా మింగలేని స్థితిలో వచ్చేవారికి స్టెంట్ (అన్నవాహికను తెరిచి ఉంచే గొట్టం) వేసి, మిగిలిన కాలమైనా తినగలిగేలా చేయడంలో ఇక్కడి వైద్యులకు దీర్ఘకాల అనుభవం ఉంది. పెద్దవారిలో చాలామంది స్థానిక కిప్సిగిస్ భాష మాత్రమే మాట్లాడతారు కనుక నాలుగు స్వాహిలీ మాటలు నేర్చుకున్నంత మాత్రాన సరిపోదు, నర్సు పక్కన ఉండాలి. కోరిన రోగులతో చాప్లెయిన్లు (ఆసుపత్రిలోని మతబోధకులు) ప్రార్థిస్తారు. చికిత్సకు అది షరతు కాదు. క్రైస్తవ సేవకు ఇదే సరైన రూపమని నా దృఢాభిప్రాయం.

కాగితాల విషయం క్లుప్తంగా చెబుతాను. కెన్యా మెడికల్ ప్రాక్టీషనర్స్ అండ్ డెంటిస్ట్స్ కౌన్సిల్ నుంచి తాత్కాలిక లైసెన్సు లేకుండా వైద్యులు రోగిని ముట్టుకోకూడదు. దానికి మన దేశంలోని మెడికల్ కౌన్సిల్ ఇచ్చే సత్ప్రవర్తన పత్రం కావాలి కాబట్టి నెలల ముందే మొదలుపెట్టాలి. లైసెన్సు ఊసెత్తకుండా పిలిచే సంస్థతో వెళ్లవద్దు. 2024 జనవరి నుంచి వీసా స్థానంలో ఈటీఏ (ఆన్‌లైన్‌లో ముందుగా తీసుకునే ప్రయాణ అనుమతి) వచ్చింది. పనిచేయడానికి వేరే పాసు అవసరమా అన్నది ఆసుపత్రివారినే అడిగి తెలుసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం, టీకా వేయించుకున్న పది రోజుల తరువాతే చెల్లుతుంది.

మత్తుమందు, నర్సింగ్ వృత్తులవారికి కిజాబెను, శస్త్రవైద్యులకు టెన్వెక్‌ను ముందుగా సూచిస్తాను. కనీసం నెల రోజులైనా ఉండగలిగితేనే వెళ్లడం మేలు; మొదటి వారం అక్కడి మందులు, యంత్రాలు, మనుషుల పేర్లు తెలుసుకోవడానికే గడిచిపోతుంది, ఆ సమయంలో మనకు అన్నీ చూపించే పని అక్కడివారి మీదే పడుతుంది. వారం మించి సెలవు దొరకనివారు విమాన ఛార్జీకయ్యే మొత్తాన్ని ఇటువంటి ఆసుపత్రిలో ఒక నర్సు శిక్షణకు పంపితే ఆ రోగులకు ఎక్కువ మేలు జరుగుతుంది.