పాప పడుకున్నాకా, లేవకముందా?

పిల్లలు పుట్టకముందు ఖాళీ సమయం అంటే ఆదివారం మొత్తం. ఇప్పుడు దొరికేది మహా అయితే రోజుకో గంట. దాన్ని రాత్రి పాప పడుకున్నాక తీసుకోవాలా, తెల్లవారుజామున తను లేవకముందా?

రాత్రి గంట హాయిగానే ఉంటుంది. పనులన్నీ అయిపోయాయి, ఎవరూ పిలవరు. కానీ ఒంట్లో ఓపిక ఉండదు కాబట్టి చేతిలోకి పుస్తకం రాదు, ఫోనే వస్తుంది. గంట కాస్తా రెండవుతుంది. పెద్దవాళ్లకు కనీసం 7 గంటల నిద్ర కావాలి, కోత పడేది అందులోనే. పైగా నెలల పిల్లలైతే 2, 3 గంటలకోసారి పాలకు లేస్తారు.

తెల్లవారుజామున బుర్ర తేటగా ఉంటుంది. చదవడానికైనా, నడకకైనా ఇదే మేలు. చిక్కల్లా ఒకటే, అలారం ఆపిన చప్పుడుకే పాప కూడా లేచి కూర్చుంటుంది (వీళ్లకెలా తెలుస్తుందో!). గంటా పోయె, నిద్రా పోయె.

నన్నడిగితే, మొదటి కొన్ని నెలలు రెండూ వద్దు. పాప పడుకున్నప్పుడే మీరూ ఓ కునుకు తీయండి. పాపకు రాత్రంతా నిద్రపోవడం అలవాటయ్యాక తెల్లవారుజాముకే నా ఓటు. భార్యాభర్తలు తీరిగ్గా నాలుగు మాటలు చెప్పుకోవాలంటే మాత్రం రాత్రే కుదురుతుంది, వారంలో ఒకట్రెండు రోజులు దానికి వదిలేయండి.