గొంతులో స్ట్రెప్: తీపి మాత్రలా, మూడు రోజుల సిరప్పా, పది రోజుల కోర్సా?

ఆగస్టు ముసురులో ఒక సోమవారం. మా ఎనిమిదేళ్ళ పాప బడి నుంచి వస్తూనే బూట్లు కూడా విప్పకుండా సోఫా మీద వాలిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. ఉమ్మి మింగాలన్నా ఏడుస్తోంది. దగ్గు లేదు, ముక్కు కారడం లేదు. ఫోన్ టార్చి వేసి గొంతులోకి చూస్తే టాన్సిల్స్ ఎర్రగా ఉబ్బి, వాటి మీద పెరుగు చుక్కల్లా తెల్ల మచ్చలు. దవడ కింద చెయ్యి పెడితే రెండు వైపులా బిళ్ళలు కట్టి ఉన్నాయి.

మా అత్తయ్యది గుడివాడ. హోమియో కళాశాల ఉన్న ఊరు కాబట్టి అక్కడివాళ్ళకి అది వైద్యం కంటే ముందు ఇంటి అలవాటు. ఎవరైనా ముసిముసిగా నవ్వితే, రాజమండ్రి ప్రభుత్వ హోమియో కళాశాలకి అల్లు రామలింగయ్య పేరు పెట్టారనీ, ఆయన హోమియో వైద్యం కూడా చేసేవారనీ చెప్పి నోరు మూయిస్తారు. ఆ సాయంత్రం నేను థర్మామీటర్ వెతుక్కునేలోపే ఆవిడ పెట్టె తీసి, బెల్లడోనా 30 నాలుగు గుళికలు పాప నాలుక మీద వేసేశారు. "పసిదానికి వేడి మందులు ఎందుకమ్మా, రెండు రోజులు చూడు" అన్నారు. ఈలోగా మావారు బెంగళూరు మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర ఒక మందుల షాపు నుంచి అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ సిరప్ పట్టుకొచ్చారు. మూడు రోజులు పోస్తే చాలన్నాడట షాపతను. చీటీ అడగలేదట.

ఇద్దరిలో ఎవరి మాట వినాలో తేల్చుకోవాలంటే ముందు కొలబద్ద ఏమిటో తేలాలి. మాకది ఆ రాత్రి తట్టలేదు. గొంతు నొప్పి ఎంత తొందరగా తగ్గుతుందన్నదే కొలబద్ద అనుకున్నాం. అక్కడే పొరపాటు.

పిల్లల గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే. అయిదు నుంచి పదిహేనేళ్ళ వయసువాళ్ళలో మాత్రం 100లో 20 నుంచి 30 దాకా గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ (పొట్టిగా స్ట్రెప్) అనే బాక్టీరియా వల్ల వస్తాయి. పెద్దవాళ్ళలో అంతకంటే తక్కువ. అసలు విచిత్రం ఇది: స్ట్రెప్ గొంతు కూడా ఏ మందూ వేయకపోయినా చాలామందికి మూడు నుంచి అయిదు రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. యాంటీబయాటిక్ వేస్తే బాధ తగ్గేది సగటున ఒక రోజు ముందు, అంతకంటే పెద్ద తేడా ఉండదు. కాబట్టి సోమవారం బెల్లడోనా వేసి గురువారం పాప లేచి ఆడుకుందంటే అది బెల్లడోనాకి సాక్ష్యం కాదు. మిరియాల పాలు తాగించినా, ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నా, ఊరికే కూర్చున్నా గురువారం వచ్చేది. హోమియో మీద ఇన్ని ఇళ్ళలో ఇంత నమ్మకం ఎందుకుందంటే నాకు తోచిన జవాబు ఇదే. దానంతటదే తగ్గే జబ్బుకి ఏ మందు వేసినా పేరు ఆ మందుకే వస్తుంది.

బెల్లడోనా సంగతి కొంచెం చెప్పాలి. అది ఉమ్మెత్త కుటుంబానికి చెందిన విషమొక్క. ఉమ్మెత్త కాయ తిన్నవాడు ఎలా ఉంటాడో ఊళ్ళో పెరిగినవాళ్ళకి తెలుసు: ముఖం ఎర్రబడుతుంది, గొంతు ఎండిపోతుంది, కనుపాపలు విచ్చుకుంటాయి, ఒళ్ళు కాలుతుంది. గొంతు నొప్పితో పాటు ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు వచ్చే స్కార్లెట్ జ్వరం లక్షణాలు కూడా ఇంచుమించు ఇవే కదా అని హోమియో మూలపురుషుడు హానిమన్ దాన్ని ఆ జ్వరానికి వాడాడు. 1801లో దాని గురించి చిన్న పుస్తకం కూడా వేశాడు. ఆ స్కార్లెట్ జ్వరం తెచ్చేది ఈ స్ట్రెప్టోకాకసే. కానీ ఆ సూక్ష్మజీవికి బిల్‌రోత్ అనే సర్జన్ పేరు పెట్టింది 1874లో. అప్పటికి హానిమన్ పోయి మూడు దశాబ్దాలు. దేనితో పోరాడుతున్నాడో తెలియకుండానే ఆయన మందు రాశాడు. ఆ కాలంలో అందరూ అలాగే రాశారు కాబట్టి ఆయన్ని తప్పు పట్టను. తప్పు పట్టాల్సింది ఇప్పుడు తెలిసి కూడా అలాగే రాసేవాళ్ళని.

ఇక సీసా మీద 30 అంటే, ఒకటికి వంద చొప్పున ముప్ఫై సార్లు పలచన చేసినట్టు. లెక్క కడితే ఒకటి పక్కన అరవై సున్నాలు. పన్నెండోసారి దాటేసరికే అసలు మొక్కలోని ఒక్క అణువు కూడా మిగిలే అవకాశం దాదాపు ఉండదు. మదర్ టింక్చర్లలో, అంటే ఇంకా పలచన చేయని మూల ద్రావణాల్లో, నిజంగానే మూలిక ఉంటుంది, అది వేరే కథ. 2015లో ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధనా మండలి దొరికిన అధ్యయనాలన్నీ కూడగట్టి చూసి, హోమియో పనిచేస్తుందని నమ్మదగ్గ ఆధారం ఉన్న జబ్బు ఒక్కటీ లేదని తేల్చింది. ఈ మాట అత్తయ్యతో అంటే, "మరి మీ మామయ్యగారి ఎగ్జిమా ఎలా తగ్గిందే?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఆ వయసులో ఆవిడతో వాదించే ఓపికా లేదు.

అయితే కొలబద్ద గొంతు కాకపోతే మరేమిటి? గుండె. స్ట్రెప్ గొంతు తగ్గిపోయిన రెండు మూడు వారాలకి కొందరు పిల్లల్లో కీళ్ళవాత జ్వరం వస్తుంది. బాక్టీరియాని కొట్టడానికి శరీరం తయారుచేసుకున్న ఆయుధాలు సొంత కీళ్ళ మీదికి, గుండె కవాటాల మీదికి తిరగబడతాయి. అది కీళ్ళను నాకి గుండెను కరుస్తుందని డాక్టర్ల పాత మాట. కీళ్ళ నొప్పులు పోతాయి, కవాటం మీద మచ్చ మిగులుతుంది.

దీన్ని ఆపడంలోనే పెన్సిలిన్ తడాఖా. 1950లో అచ్చయిన ఒక అధ్యయనంలో, అమెరికాలో ఒక వైమానిక శిబిరంలో స్ట్రెప్ గొంతు వచ్చిన సైనికులకి, సుమారు 800 మందికి పెన్సిలిన్ ఇచ్చి, ఇంకో 800 మందికి ఇవ్వకుండా చూశారు. ఇవ్వనివాళ్ళలో 17 మందికి కీళ్ళవాత జ్వరం ఖాయంగా తేలింది, ఇచ్చినవాళ్ళలో ఇద్దరికి. గొంతు నొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోపు మందు మొదలుపెడితే ఈ రక్షణ దొరుకుతుంది. ఇన్ని దశాబ్దాలుగా వాడుతున్నా ఈ బాక్టీరియా పెన్సిలిన్‌కి లొంగకుండా పోలేదు. మావారు తెచ్చిన అజిత్రోకి ఆ భరోసా లేదు, దానికి లొంగని స్ట్రెప్ ఉంది. పెన్సిలిన్ పడనివాళ్ళకి డాక్టరు చూసి రాయాల్సిన మందు అది. షాపులో మూడు రోజుల సిరప్ కొనడం శాస్త్రీయమనీ, హోమియో గుళికలు మూఢనమ్మకమనీ మావారి లెక్క. నాకు మాత్రం రెండూ ఒకే రకం జూదంలా కనిపించాయి. గొంతు నొప్పి వైరస్ వల్ల వచ్చిందైతే అజిత్రో అనవసరంగా విరేచనాలు పట్టించొచ్చు, గుళికలు పంచదార కాబట్టి ఏమీ చేయవు. ఆ ఒక్క చోట మా అత్తయ్యే నెగ్గుతారు.

మంగళవారం పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. దగ్గు లేకపోవడం, జ్వరం, తెల్ల మచ్చలు, మెడ బిళ్ళలు, వయసు అన్నీ స్ట్రెప్ వైపే చూపిస్తున్నాయన్నారు. అయినా కళ్ళతో చూసి మాత్రమే చెప్పలేమని గొంతులోంచి స్వాబ్ తీయించారు. కొన్నిచోట్ల పావుగంటలో తేల్చే కిట్లుంటాయి, అక్కడ లేదు. స్వాబ్‌లోని బాక్టీరియాని ల్యాబులో పెంచి చూసే కల్చర్‌కి రెండు రోజులు. అప్పటిదాకా జ్వరానికి పారాసిటమాల్, అంతే. "ఈలోగా మా మందు వేసుకోవచ్చా?" అని అత్తయ్య అడిగారు. ఆయన నవ్వి, రిపోర్టు వచ్చాక నా మందు ఆపకుండా ఉంటే మీ మందుతో నాకు పేచీ లేదన్నారు. తొమ్మిది రోజుల గడువుంది కాబట్టి రెండు రోజులు ఆగడం వల్ల నష్టం లేదు. కొందరు ఇలాంటప్పుడు, స్ట్రెప్ మీద శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలని కొలిచే ఏఎస్ఓ రక్తపరీక్ష చేయించుకుని అంకె ఎక్కువుందని హడలిపోతారు. అది పాత ఇన్‌ఫెక్షన్ గుర్తు, ఈ రోజు గొంతులో ఏముందో చెప్పదు.

గురువారం రిపోర్టు వచ్చింది: స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్, అంటే గ్రూప్ ఎ స్ట్రెప్పే. అప్పటికి పాపకి జ్వరం లేదు. దోసె తింటూ కార్టూన్ చూస్తోంది. అత్తయ్య నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. తగ్గిపోయిన పిల్లకి పది రోజులు పెన్సిలిన్ కుటుంబానికే చెందిన అమాక్సిసిలిన్ పోయడం ఎంత కష్టమో పోసినవాళ్ళకే తెలుసు. నాలుగో రోజుకే ఇంట్లో అందరికీ విసుగు. ఒకే ఒక్క బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో ముగించే దారి కూడా ఉందని డాక్టరు ముందే చెప్పారు. కోర్సు మధ్యలో ఆపేసే ఇల్లయితే అదే మేలు. నొప్పి ఎక్కువ, ఎలర్జీ చూసుకోవాలి, కానీ పది రోజుల పేచీ ఉండదు. మేము సిరప్పే ఎంచుకున్నాం. ఒక రోజు గడిచాక బడికి పంపొచ్చన్నారు, ఆపాటికి ఇతరులకి అంటించే దశ దాటుతుందట. తర్వాత మూడు వారాలు మోకాళ్ళు వాచాయా, ముఖం ఉబ్బిందా, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తోందా అని కనిపెట్టుకుని ఉన్నాను. చివరి రెండూ స్ట్రెప్ తర్వాత రాగల కిడ్నీ జబ్బు గుర్తులు. దాన్ని ఆపడంలో యాంటీబయాటిక్ కూడా అంత గట్టి హామీ ఇవ్వదు, అందుకే చూసుకోమన్నారు.

నా మనసు స్థిరపడింది మాత్రం రిపోర్టుతో కాదు. మా ఇంట్లో వంట చేసే అమ్మాయిది మదనపల్లె పక్క పల్లె. వయసు ఇరవై ఆరు. సిరప్ సీసా చూసి, "చిన్నప్పుడు నాకూ గొంతు వాచేదక్కా, ఉప్పునీళ్ళతో పోయేది" అంది. పెళ్ళయ్యాక, కడుపుతో ఉన్నప్పుడు ఆయాసం ముంచుకొచ్చి బన్నేరుఘట్ట రోడ్డులో జయదేవ గుండె ఆసుపత్రికి తీసుకెళ్తే గుండె కవాటం సన్నబడిందని తేలింది. బెలూన్‌తో వెడల్పు చేశారు. అప్పటినుంచి కీళ్ళవాత జ్వరం మళ్ళీ రాకుండా మూడు వారాలకోసారి పెనిడ్యూర్ (అదే బెంజథిన్ పెన్సిలిన్) ఇంజెక్షన్. మధ్యలో ఎవరో హోమియోతో నయమవుతుందంటే నాలుగు నెలలు మానేసిందట. "సూది ఏసిన కాడ రెండు దినాలు కాలు కదలదక్కా, అందుకే ఆశపడితి." మళ్ళీ కీళ్ళు పట్టేసి ఆసుపత్రి చేరింది.

ఈ కథ విన్న రోజు అత్తయ్య ఏమీ మాట్లాడలేదు. బెల్లడోనా సీసా ఇప్పటికీ ఆవిడ పెట్టెలోనే ఉంది, జలుబు చేస్తే పాప తనే వెళ్ళి గుళికలు అడుగుతుంది. వంటింట్లో క్యాలెండర్ మీద మాత్రం ఇరవయ్యొక్క రోజులకోసారి ఎర్ర పెన్నుతో ఒక సున్నా చుట్టి ఉంటుంది. ఆ తేదీకి ముందురోజు సాయంత్రమే, "రేపు సూది రోజే పిల్లా, వంటకి రాకు" అని గుర్తుచేసేది ఆవిడే.